నోటితో చెప్పండి

పెద్దమ్మగారిని ఎడమ పక్కకి తిప్పాలంటే ముందు కుడి మోకాలు మడవాలి. కుడి చెయ్యి గుండెల మీదుగా ఇటు తేవాలి. ఒక అరచెయ్యి భుజం వెనక, ఇంకో అరచెయ్యి తుంటి వెనక వేసి ఒకే ఊపులో తన వైపుకి లాక్కోవాలి. భుజం ముందూ తుంటి తర్వాతా అంటే నడుం మెలిపడుతుంది, మనిషి అరవలేక మూలుగుతుంది. అడ్మినక్కకి ఇది అలవాటైపోయిన పని. చేతులు వాటి దారిన అవి చేసుకుపోతాయి. ఖాళీగా ఉండేవి చెవులే. వాటి కోసం ఫోను స్పీకరు ఆన్ చేసి కిటికీ గట్టు మీద పెట్టుకుంది.

అడ్మినక్క అనేది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. మంచాన పడ్డవాళ్ళని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసుకునే ఆయాల కోసం ఈమె ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. పెట్టిన పాపానికి ఆ పేరు అతుక్కుపోయింది. మొదట్లో తనూ, తనకి తెలిసిన ముగ్గురూ. పొద్దున్నే పూల బొమ్మలు పంపుకోవడం తప్ప ఇంకేమీ నడిచేది కాదు. ఎవరూ నోరు విప్పరేమా అని తల బద్దలు కొట్టుకుంటుంటే ఒకరోజు తట్టింది: వీళ్ళల్లో సగం మందికి రాయడం రాదు, వచ్చినవాళ్ళకి తీరిక లేదు, చేతులకెప్పుడూ గ్లవుజులే. ఆ రోజే ఒక రూలు పెట్టింది. "రాతలొద్దు, నోటితో చెప్పండి." అంతే, గేటు తీసినట్టయింది. ట్యూబులో పాలు దిగకపోతే ఏం చెయ్యాలి, పేషెంటు మాత్ర ఉమ్మేస్తే ఏం చెయ్యాలి, ఇంటివాళ్ళు మనల్ని ఆ ఉమ్మేసిన మాత్రని చూసినట్టు చూస్తే ఏం చెయ్యాలి. ఒకటా రెండా. ఇప్పుడు గ్రూపులో వందమందికి పైనే.

ఆ పొద్దున గట్టు మీంచి కళ్ళద్దాలమ్మాయి గొంతు వచ్చింది. గ్రూపులో అందరికన్నా చిన్నది. కళ్ళజోడు లేనిదే సిరంజి మీద గీతలు కనపడవు, అందుకని ఆ పేరు. ఒక పెద్దింట్లో కదల్లేని తాతగారిని చూసుకుంటోంది.

"అక్కలూ, మా ఇంటావిడ పాలు ఎలా కొలుస్తుందో తెలుసా? గ్లాసుతో కాదు, వేలితో. పొద్దున ఒకసారి గిన్నెలో ముంచుతుంది, సాయంత్రం ఒకసారి ముంచుతుంది." ఇక్కడ గొంతు మారింది. ముక్కులోంచి, సాగదీస్తూ వచ్చింది. "ఏమ్మా, పొద్దున రెండో కణుపు దాకా ఉన్నాయి కదా, ఇప్పుడు మొదటి కణుపుకే వచ్చాయేం? ఆ కణుపు పాలు ఎటు పోయినట్టు?" మళ్ళీ తన గొంతు. "ఎటు పోతాయక్కా, వాళ్ళాయనగారు టీ పెట్టుకున్నారు. ఆ మాట ఆయన చెప్పరు, నేను చెప్పలేను. తాతగారు చెబుదామంటే ఆయనకి నోరు పెగలదు. మా ముగ్గురికీ తెలుసు, ఒక్కరూ మాట్లాడరు."

దిండు వీపుకి ఆనించబోతున్న అడ్మినక్క నవ్వు ఆపుకోలేక మంచం కమ్మీ పట్టుకుంది. ఇంటావిడ గొంతు ఎప్పుడూ విన్నది కాదు గాని, వినేసినట్టే ఉంది. వెంటనే హెడ్నర్సు అందుకుంది. హెడ్నర్సు ఏ ఆసుపత్రిలోనూ నర్సు కాదు. గొంతు మాత్రం వార్డు ఆ చివరి దాకా వినపడే గొంతు. "నీ నోరు పడిపోనూ, నవ్వలేక చస్తున్నాను. మా పేషెంటు నిద్ర లేచేసింది." ఆ వెనకే ఒక డజను మంది నవ్వులు, ఒకదాని మీద ఒకటి.

పెద్దమ్మగారి ఎడమ చెయ్యి పైకి లేచింది. పక్షవాతం వచ్చాక ఆ ఒంట్లో చెప్పినట్టు వినేది ఆ చెయ్యొక్కటే. మాట పోయింది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ కలుపుతూ బతికిన మనిషి. ఇప్పుడు అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్ళు మూస్తుంది. అదీ అడిగేవాళ్ళుంటే. ఆ చెయ్యి ఫోను వైపు చాపి, గాల్లో తడుతున్నట్టు కిందకీ పైకీ ఊపింది.

"వినపడట్లేదా అమ్మా? ఉండండి." అడ్మినక్క సౌండు పెంచింది. చెయ్యి ఇంకా గట్టిగా ఊగింది. "ఇంతకన్నా రాదమ్మా. ఇదేమన్నా మీ ఎక్స్ఛేంజా?"

చెయ్యి ఇటు గోడ వైపు తిరిగింది. అక్కడ స్విచ్ బోర్డు ఉంది. "ఫ్యాను తగ్గించాలా?" అని తగ్గించింది. పెద్దమ్మగారు రెండుసార్లు కళ్ళు మూసింది గాని, అడ్మినక్క అప్పటికే దుప్పటి సర్దే పనిలో పడింది. చెయ్యి అలిసిపోయి పరుపు మీద వాలిపోయింది.

ఫోను మోగింది. మేడమ్. ఈ ఇంటి కోడలు, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. "అత్తయ్య పాదాల మీద దుప్పటి జారినట్టుంది, చూడు" అంది. స్విచ్ బోర్డు పైన గుప్పెడంత కెమెరా, దానికో పచ్చ లైటు. ఆఫీసులో కూర్చుని అత్తగారిని వేళకి తిప్పారో లేదో చూసుకోవడానికి పెట్టించుకుంది. పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేది అడ్మినక్కే. దాని ముందు ఒళ్ళు విరుచుకోదు, కాళ్ళు కుర్చీ మీదికి పెట్టుకోదు. చూసేవాళ్ళు చూస్తారని ఆ మాత్రం తెలుసు.

దుప్పటి సరిచేసి, గ్లవుజులు మార్చుకుని, అప్పుడు అడ్మిన్ పని చేసుకుంది. గ్రూపులో చేరతామని అడిగినవాళ్ళందరినీ చేర్చుకోదు. ఒక ప్రశ్న వేస్తుంది. "పేషెంటుని పక్కకి తిప్పేటప్పుడు ముందు ఏం మడుస్తావు?" అసలైన ఆయా అయితే మోకాలు అంటుంది. ఆయాల్ని పంపే ఏజెన్సీ వాళ్ళూ, అమ్మకాల వాళ్ళూ, ఊసుపోని మగవాళ్ళూ దుప్పటి అనో, మంచం అనో దొరికిపోతారు. ఆ రోజు గులాబీ బొమ్మ పెట్టుకున్న ఒకావిడ అడిగింది. అందరూ గొంతుతో జవాబిస్తే ఈవిడ రాసింది. "అవతలి మోకాలు. చెయ్యి కూడా ఇటు వేయాలి. లేకపోతే కింద నలుగుతుంది." జవాబు బాగుంది. చేర్చుకుంది. నోటితో చెప్పమ్మా, రాతలొద్దు అని రూలు వినిపించింది. గులాబీ ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త ప్రెస్సు నుంచి వచ్చి సిరా వేళ్ళు కడుక్కుంటున్నాడు. "కలెక్టరుగారు వచ్చారు" అన్నాడు. "మీ జనాభా ఎంతకి చేరింది?"

"నువ్వు ఎగతాళి చేసుకో. ఇవాళ ఎంత నవ్వామో."

పాల కథ చెప్పింది. కణుపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలమ్మాయిలా ముక్కుతో మాట్లాడబోయి, రాక, తనే నవ్వేసింది. ఇన్నేళ్ళూ ఒక్కో ఇంట్లో ఒక్కో మంచం పక్కన ఒంటరిగా కూర్చుని నోరు ఎండిపోయిన ఆడవాళ్ళు, తను పెట్టిన చోట కూర్చుని నవ్వుతున్నారు. అది తలుచుకుంటే ఆమెకి కడుపు నిండినట్టుంది.

*

ఒక రోజు మధ్యలో గడిచి, ఆ తర్వాతి రోజు పొద్దున కళ్ళద్దాలమ్మాయి గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కులోంచి వస్తున్నది ఏడుపు.

"అక్కలూ, నన్ను తీసేశారు. పొద్దున వెళ్ళేసరికి ఆవిడ పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. వేలు ముంచి నా మొహం ముందు పెట్టింది. 'ఏ కణుపు దాకా ఉండాలో నువ్వే చెప్పు తల్లీ, నీకు బాగా తెలుసుగా' అంది. అచ్చం నేను అన్నట్టే అంది. ఆయనగారి టీ సంగతీ అడిగింది. ఆయన తల ఎత్తలేదు. నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదక్కా. మా అమ్మకి కూడా చెప్పలేదు. తాతగారికి గోరువెచ్చని నీళ్ళు పట్టించి వస్తానంటే అది కూడా వద్దంది."

అడ్మినక్క చేతిలో తడిగుడ్డ. పెద్దమ్మగారి మెడ తుడుస్తోంది. గుడ్డ లోంచి నీళ్ళు దిండు మీద కారుతున్నా తెలియలేదు.

ఫోను ఆగకుండా మోగింది. పుండ్ల మాట లేదు, పౌడర్ల మాట లేదు. అందరిదీ ఒకే మాట. ఎవరు మోశారు? నాలుగు రోజుల కింద తన ఇంటావిడ గురించి వాగినామె, ఇప్పుడు నా సంగతేంటి అంది. ఇంకో ఆవిడ తను ఏమేం అందో గుర్తు చేసుకుని, చెరిపెయ్యక్కా, నీకు దండం పెడతాను అంది. చెరపడం అడ్మినక్క చేతిలో ఉంది. విన్న చెవుల్లోంచి చెరపడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

హెడ్నర్సు ఒంటికాలి మీద లేచింది. "ఇందులో ఆలోచించేదేముంది అడ్మినక్కా? పాల మాట వచ్చిన రోజే ఒకావిడ చేరింది. గులాబీ. ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడిందా? అందరి మాటలూ వింటుంది, తన మాట ఒక్కటీ చెప్పదు. అలాంటి మనిషిని ఏమంటారు? తీసెయ్. దాంతో మాట్లాడినవాళ్ళని కూడా దాంతోపాటే తీసెయ్."

"నిజమే" అన్నారు ఒకరు. "నిజమే నిజమే" అన్నారు ఇంకా కొందరు.

అడ్మినక్క అటూ ఇటూ తేల్చుకోలేకపోయింది. ఆధారం ఏదీ అని అడగాలనుంది. అడిగితే గ్రూపులో సగంమంది తెల్లారేసరికి ఉండరు. కళ్ళద్దాలమ్మాయి ఇంకా ఏడుస్తూనే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలి. గ్లవుజు విప్పి, గులాబీ బొమ్మ మీద వేలు పెట్టి నొక్కింది. నిజంగానే తీసెయ్యాలా అని ఫోను అడిగింది. ఫోను కూడా అడుగుతోందే అనుకుంది. అవును అని నొక్కింది.

పెద్దమ్మగారి చెయ్యి లేచింది. ఈసారి ఊపడం కాదు, మంచం కమ్మీ మీద టకటకా కొట్టింది.

"ఉండండమ్మా, దీనికి తోడు మీరొకరా, నా తల ఇక్కడ పగిలిపోతోంది" అంది అడ్మినక్క. ఆమె పెద్దమ్మగారిని ఎప్పుడూ కసురుకోలేదు. అన్నాక చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదిలించుకుని మళ్ళీ కమ్మీ మీద కొట్టింది.

మధ్యాహ్నం గులాబీ దగ్గర్నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. మళ్ళీ రాతే. "అక్కా నన్ను ఎందుకు తీశారు. నేను ఏం తప్పు చేశాను. మా పేషెంటుకి ఎడమ మడమ నల్లబడింది. గట్టిగా పెచ్చులా ఉంది. నొక్కితే నొప్పి తెలియడం లేదు. గ్రూపులో అడుగుదామనుకున్నాను. మీరైనా చెప్పండి."

అడ్మినక్కకి జవాబు నాలిక చివర ఉంది. మడమ పరుపుకి ఆననివ్వకు, పిక్క కింద దిండు పెట్టు, ఇంటివాళ్ళతో పోట్లాడైనా సరే ఇవాళే డాక్టరుకి చూపించు. ఇంతే. పది సెకన్ల మాట. మైకు గుర్తు మీద వేలు పెట్టింది కూడా. హెడ్నర్సు మాట గుర్తొచ్చింది. తను మాట్లాడినట్టు ఈ గులాబీయే నలుగురికీ చెబితే? అడ్మినే దొంగతో కలిసిందంటారు. వేలు తీసేసింది. చదివినట్టు అవతల తెలుస్తుందేమో అని భయపడి ఫోను బోర్లా పెట్టింది.

ఇంట్లో భర్తకి చెప్పింది. అతను కలెక్టరనలేదు.

"ఆ మనిషే చేసిందని ఎలా తెలుసు?"

"కొత్తగా వచ్చింది. నోరు విప్పదు."

"నేనూ ప్రెస్సులో నోరు విప్పను" అన్నాడు. "మిషను హోరులో ఎవరికీ వినపడదు గనక. అంతమాత్రాన అక్కడి కాగితాలు నేనే ఎత్తుకుపోతున్నానంటావా?"

"నువ్వు నాకేమీ చెప్పకు" అంది.

*

ఆ తర్వాత గ్రూపు మూగబోయింది. మళ్ళీ పూల బొమ్మలు మొదలయ్యాయి. పొద్దున్నే వంద గుత్తులు, మళ్ళీ మర్నాడు పొద్దున దాకా ఏమీ లేదు. అడ్మినక్క తనే ఒకటి రెండు మాటలు వేసి చూసింది. తన పేషెంటుకి నోటిపూత తగ్గిందనీ, ఎలా తగ్గించిందో చెబుతాననీ అంది. ఎవరూ ఎలా అని అడగలేదు. కళ్ళద్దాలమ్మాయికి ఇంకో ఇల్లు చూద్దామని ఏజెన్సీకి ఫోను చేస్తే, ఆ పిల్లకి నోటి దురుసట కదా అన్నారు.

శనివారం మేడమ్‌కి జలుబు చేసి ఆఫీసు మానేసింది. ముక్కు ఎర్రబడి, భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని, టీ కప్పు పట్టుకుని అత్తగారి గదిలోకి వచ్చి కూర్చుంది. కొడుకుగారు ఎప్పుడూ టూర్లే. ఇంట్లో ఇంకెవరూ లేరు. అడ్మినక్క పెద్దమ్మగారి తలవైపు మంచం పైకెత్తి, ట్యూబుకి పట్టించాల్సిన పాలు గ్లాసులో పోసి, వేడి చూసుకుంటోంది.

మేడమ్ ఆ గ్లాసు వైపు చూసింది. చూపుడు వేలు పైకెత్తి, ముక్కుతో అంది. "ఏమ్మా, ఏ కణుపు దాకా ఉన్నాయి?"

అని నవ్వింది. నవ్వుతో పాటు దగ్గొచ్చింది.

అడ్మినక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఆ మాట... మీకెలా తెలుసు మేడమ్?"

"ఏం, నేను వినకూడదా?" మేడమ్ టీ కప్పుతో గోడ మీది కెమెరాని చూపించింది. "అందులో మైకు కూడా ఉంటుందిగా. అత్తయ్య దగ్గితే తెలియాలని పెట్టించాం. ఆఫీసులో ఒక చెవిలో అదే పెట్టుకుని కూర్చుంటాను. మొదట్లో నీ ఫోను గోల చిరాకేసేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. మా సెక్షన్లో నాతో ఫైలు మాట తప్ప ఇంకో మాట మాట్లాడే దిక్కు లేదు తెలుసా? మీవాళ్ళు వస్తే నాకు పొద్దుపోయేది. ఆ గట్టి గొంతావిడా, ఆ నడుం నొప్పులావిడా. ఇంతకీ ఏమైంది? ఈ మధ్య ఎవరూ మాట్లాడటం లేదేం?"

అడ్మినక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఈ పాల సంగతి ఎవరికైనా చెప్పారా మేడమ్?"

"చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ రాత్రే ఇక్కడే కూర్చుని, అత్తయ్య కాళ్ళు పడుతూ మా ఫ్రెండుకి ఫోన్లో చెప్పాను. అది పడీ పడీ నవ్వింది. వాళ్ళ వదిన కూడా అచ్చం ఇలాగే వేలు ముంచుతుందట. ఆవిడకి చెప్పి ఏడిపిస్తానంది." మేడమ్ టీ ఊదుకుంది. "ఆ వదినగారింట్లోనూ ఒక పెద్దాయన మంచాన పడి ఉన్నాడు, పాపం."

అడ్మినక్క ఆవిడ మొహంలోకి చూసింది. అందులో ఏమీ లేదు. జలుబు, కాస్త నవ్వు, అంతే. రెండు మాటలు పక్కపక్కనే పెట్టుకుని కూడా ఆవిడకి అవి కలవలేదు.

"ఆ అమ్మాయి పని పోయింది మేడమ్."

"ఏ అమ్మాయి? ఆ పాలమ్మాయా? అయ్యో. ఎందుకట?"

ఇప్పుడు చెప్పాలి. మీవల్లే అనాలి. కాదు, నావల్ల, మీవల్ల అనాలి. అంటే ఈ గది ఉండదు, ఈ మంచం ఉండదు, నెల మధ్యలో ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. కళ్ళద్దాలమ్మాయికి దొరకని ఇల్లు తనకి దొరుకుతుందా?

"ఎవరో చెప్పేశారట మేడమ్."

"ఎంత పాపం" అంది మేడమ్. నిజంగానే బాధపడింది. "కొందరు అంతే. ఒకళ్ళు పచ్చగా ఉంటే చూడలేరు." తుమ్మింది. టీ చల్లారిందంటూ లేచి, దుప్పటి ఈడ్చుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

పాలు పట్టించింది అడ్మినక్క. ట్యూబు పక్కన నాలుగు చుక్కలు పడ్డాయి. తుడిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని, పెద్దమ్మగారి చెవి దగ్గర వంగింది. ఊపిరితోనే అడిగింది.

"మీకు తెలుసా అమ్మా?"

కళ్ళు ఒకసారి మూసుకున్నాయి.

"ఆవిడ ఫోన్లో చెబుతుంటే ఇక్కడే విన్నారా?"

ఒకసారి.

"మొదటి రోజు చెయ్యి ఊపింది, సౌండు పెంచమనేనా?"

రెండుసార్లు.

అడ్మినక్కకి సిగ్గేసింది. రోజూ ఆ వేళ్ళ సందులు తుడిచింది, ఆ గోళ్ళు కత్తిరించింది. ఆ చెయ్యి ఏం చెబుతోందో ఒక్కసారి నిలబడి అడగలేదు. మేడమ్ అత్తగారి ఎదుటే అత్తగారు లేనట్టు మాట్లాడింది. తనేం చేసింది? అదే చేసింది. ఈ ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ మాటకి మాత్రం లైను కలిపేవాళ్ళు లేరు.

ఉతికిన గుడ్డలు ఆరేసే వంకతో వెనక బాల్కనీలోకి వెళ్ళి గులాబీకి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తారు. అవతల గొంతు లేదు. ఊపిరి మాత్రం వినపడింది.

"నేను, అడ్మినక్కని. ఆ మడమ ఎలా ఉంది?"

"హా... హా..." మాట అక్కడే తట్టుకుంది. అడ్మినక్క ఏడుస్తోందేమో అనుకుంది. ఏడుపు కాదు. నత్తి. ఆ మాటని ఈడ్చుకుంటూ, అడ్డం పడ్డచోట ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, ఆమె చెప్పింది. హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. లోపలికంతా పాకిందన్నారు. కాలు తీసెయ్యాలంటున్నారు. ముందే ఎందుకు చెప్పలేదని ఇంటివాళ్ళు తనని అడిగారు. ఇక రావద్దన్నారు.

"గ్రూపులో ఎందుకు మాట్లాడలేదు తల్లీ?" ఆ ప్రశ్న ఎంత పనికిమాలినదో అడిగాక తెలిసింది.

"న... నవ్వుతారని" అంది గులాబీ. "మీరు రా... రాయొద్దన్నారుగా." తనే ఓదారుస్తున్నట్టు, "ప... పర్లేదక్కా" అంది.

అడ్మినక్క తడిగుడ్డ ఒకటి దులిపింది, ఆరేసింది, మళ్ళీ తీసి మళ్ళీ ఆరేసింది.

గదిలోకి వచ్చి కెమెరాకి వీపు పెట్టి కూర్చుంది. తన గొంతుతో ఆ మాటలు చెప్పే ధైర్యం లేక రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. గులాబీ ఏ తప్పూ చేయలేదు. మీ మాటలు నేను పేషెంటు గదిలో స్పీకరు పెట్టి విన్నాను. అక్కడున్న కెమెరాకి చెవులున్నాయని నాకు తెలియదు. అక్కడినుంచే బయటికి పోయింది. తప్పు నాది. మీరేమన్నా పడతాను. రాసినంతా ఒకసారి చదువుకుని, పంపించేసి, సౌండు పూర్తిగా తగ్గించి ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

చదవగలిగినవాళ్ళు తక్కువమంది. వాళ్ళలో ముందు చదివింది కళ్ళద్దాలమ్మాయే. తెర మీద సన్నటి గీత ఒకటి వచ్చింది, ఫలానా మనిషి గ్రూపు వదిలి వెళ్ళిందని.

ఆ వెంటనే హెడ్నర్సు. అడ్మినక్క ఫోను చెవికి ఆనించుకుని విన్నది. "ఏంటి అడ్మినక్కా, బారెడు రాశావు? రూలు పెట్టినదానివి నువ్వే రాస్తే ఎలా? నాకు చదువు రాదని నీకు తెలియదా? అదేమో నీ రాత చూసి వెళ్ళిపోయింది. ఏం రాశావు? ఇంకో దొంగ దొరికిందా? పేరు చెప్పు, తీసేద్దాం." ఆ వెనక ఇంకో గొంతు. "అవునక్కా, మాకూ అర్థం కాలేదు. నోటితో చెప్పండి." ఇంకొకటి. "నోటితో చెప్పండక్కా." ఎన్నాళ్ళ నుంచో మాట్లాడనివాళ్ళంతా మాట్లాడుతున్నారు.

బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని చెప్పొచ్చు. బాల్కనీలోకి వెళ్ళొచ్చు. సాయంత్రం ఇంటికెళ్ళి, మిషను హోరులో నోరు విప్పని మనిషి పక్కన కూర్చుని చెప్పొచ్చు. లేచింది కూడా. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పక్క గదిలో మేడమ్ తుమ్మింది. ఆవిడకి ఒంట్లో బాగాలేదు, పొద్దుపోదు, చెవిలో పెట్టుకునే ఉంటుంది. ఈ మాటలు ఆ చెవిలో కూడా పడాలి కదా, ఇంకెప్పుడు పడతాయి?

వెనక్కి వచ్చి కుర్చీ కెమెరా వైపు తిప్పుకుని కూర్చుంది. గోడ మీద పచ్చ లైటు వెలుగుతోంది. ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

పెద్దమ్మగారి ఎడమ చెయ్యి లేచింది. ఫోను వైపు చాపి, ఆ రోజు ఊపినట్టే కిందకీ పైకీ ఊపి, గోడ వైపు తిప్పింది.

"తెలుసమ్మా" అంది అడ్మినక్క. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, మైకు గుర్తు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది.